ఆయన సంతకం పెట్టకపోతే?

తార్నాకలో అద్దె గది తీసుకుని ఉస్మానియా క్యాంపస్‌లో చదువుకుంటున్న ఒకమ్మాయిని ఊహించుకుందాం. పుట్టిల్లు ముషీరాబాద్. పెళ్లయి ఐదేళ్లు. భర్త చెయ్యి చేసుకోవడం మొదలయ్యాక పెద్దలు రెండుసార్లు కూర్చోబెట్టి సర్దిచెప్పారు. రెండుసార్లూ వెళ్లింది, రెండుసార్లూ తిరిగొచ్చింది. ఇక చాలనుకుని ఒక ఆదివారం అడిక్‌మెట్, రామ్‌నగర్ మీదుగా పుట్టింటికి వచ్చి ఆ మాటే చెప్పింది.

"అమ్మీ, నేను ఖులా తీసుకుంటా."

తల్లి చాలాసేపు పలకలేదు. ఆ తర్వాత ఆమె అడిగింది ఒక్కటే. "ఆయన సంతకం పెట్టాలి కదా బేటా. పెట్టకపోతే?"

ఈ తల్లీకూతుళ్లు ఊహే గానీ ఆ ప్రశ్న ఊహ కాదు. ముస్లిం ఇళ్లలో ఆడపిల్ల ఖులాతో, అంటే తానే కోరి తీసుకునే విడాకులతో, విడిపోవాలనుకున్నప్పుడు అన్నిటికంటే ముందు అడ్డొచ్చేది అదే. భర్త ఒప్పుకోడు. ఒప్పుకోవాలంటే పెళ్లిలో భార్యకు తానివ్వాల్సిన మెహర్ వదులుకోమంటాడు, నగలు వదులుకోమంటాడు, ఒక్కోసారి బిడ్డనే వదులుకోమంటాడు. సంతకానికి వెల కడతాడు. ఏళ్లు గడిచిపోతాయి. ఆమె భార్యా కాదు, విడిపోయిన మనిషీ కాదు.

ఆ తల్లి ప్రశ్నకు తెలంగాణ హైకోర్టు 2025 జూన్ 24న సూటిగా జవాబిచ్చింది. భర్త సంతకం అక్కర్లేదు.

ఆ కేసు 2012లో పెళ్లయిన ఒక జంటది. భర్త హింసిస్తున్నాడని భార్య ఆరోపణ. ఖులా అడిగితే అతను ఇవ్వనన్నాడు. ఆమె సదా-ఎ-హక్ షరయీ కౌన్సిల్ అనే స్వచ్ఛంద సంస్థను ఆశ్రయించింది. ఒక ముఫ్తీ, ఇస్లామిక్ అధ్యయనాల ఆచార్యుడు, అరబ్బీ పండితుడు, మసీదు ఇమామ్ కూర్చుని భార్యాభర్తల తగాదాలు వినే సంస్థ అది. రాజీ కుదరకపోవడంతో 2020 అక్టోబరులో ఖులానామా రాసిచ్చారు. నా అంగీకారం లేకుండా ఇచ్చిన ఆ కాగితం చెల్లదంటూ భర్త ఫ్యామిలీ కోర్టుకెళ్లి ఓడిపోయాడు. హైకోర్టులో అప్పీలు వేశాడు. జస్టిస్ మౌసమీ భట్టాచార్య, జస్టిస్ బి.ఆర్. మధుసూదన్ రావుల ధర్మాసనం ఆ అప్పీలునూ కొట్టేసింది.

కొట్టేస్తూ చెప్పిన మాటలే ముఖ్యం. ఖులా కోరే హక్కు భార్యకు సంపూర్ణంగా ఉంది. దాన్ని ఆపే అధికారం భర్తకు లేదు. మెహర్ తిరిగివ్వడం గురించి అతను మాట్లాడుకోవచ్చు గానీ, ఆమెను కట్టిపడేయలేడు. ముఫ్తీ ఇచ్చే ఖులానామా కూడా తప్పనిసరి కాదు. ముఫ్తీ చెప్పేది సలహా, తీర్పు కాదు. విషయం ఫ్యామిలీ కోర్టుకొస్తే జడ్జి చూడాల్సినవి మూడు. ఆమె నిజంగా ఖులా కోరిందా? ఇద్దరినీ కలిపే ప్రయత్నం జరిగిందా? మెహర్ వెనక్కిస్తానని ఆమె అన్నదా? ఏళ్లతరబడి సాక్ష్యాలు నడిపించే పని లేదు. జరిగిపోయిన ఖులాకు కోర్టు ముద్ర వేయడమే.

ఇది హైకోర్టు కొత్తగా కనిపెట్టిన హక్కు కాదు. ఖురాన్ రెండో సూరా 229వ ఆయత్‌ను ఖులాకు ఆధారంగా చెబుతారు. ప్రవక్త కాలంలో సాబిత్ బిన్ ఖైస్ భార్య వచ్చి, ఆయన నడవడిలో లోపం చెప్పను గానీ ఆయనతో కాపురం చేయలేనని అన్నదట. మెహర్‌గా ఇచ్చిన తోట తిరిగిస్తావా అని ప్రవక్త అడిగితే ఇస్తానన్నది. తోట తీసుకుని ఆమెను విడిచిపెట్టమని సాబిత్‌కు చెప్పారు. మన దగ్గర ఎక్కువమంది అనుసరించే హనఫీ సంప్రదాయంలో ఉలేమాలు దీన్ని ఒప్పందంగా చదివారు. భార్య ప్రతిపాదించాలి, భర్త ఒప్పుకోవాలి. అందుకే భర్త ఒప్పుకోని ఖులా ఖులాయే కాదనే పండితులు ఇప్పటికీ ఉన్నారు. 2022లో కేరళ హైకోర్టు ఇలాంటి తీర్పే ఇచ్చినప్పుడు అఖిల భారత ముస్లిం పర్సనల్ లా బోర్డు దాన్ని తప్పుపట్టింది. మతపరంగా కూడా సందేహం తీరాలనుకునే ఆడవాళ్లకు ఈ భేదం మనసులో ముల్లులా ఉంటుంది. దాన్ని కొట్టిపారేయకూడదు. అలాంటివాళ్లు ఒకవైపు షరయీ కౌన్సిల్‌లోనో, మత పండితులు తగాదాలు తీర్చే దారుల్‌ఖజాలోనో తమ మాట వినిపిస్తూనే, మరోవైపు కోర్టు నుంచి డిక్లరేషన్ తెచ్చుకుంటే రెండు గడపలూ దాటినట్టవుతుంది.

కోర్టు గడప మాత్రం తప్పించుకోవద్దు. దారుల్‌ఖజాలు కోర్టులు కావని, ఫత్వాకు చట్టబద్ధమైన బలం లేదని 2014 జులైలోనే సుప్రీంకోర్టు చెప్పింది. 2025లో మరో కేసులో అదే మాట మళ్లీ అన్నది. 2023లో మద్రాసు హైకోర్టు ఒక ప్రైవేటు షరియత్ కౌన్సిల్ ఇచ్చిన ఖులా సర్టిఫికెట్‌ను రద్దుచేసి, ఫ్యామిలీ కోర్టుకు వెళ్లండని పంపించింది. ఇంకో సంగతి. తెలంగాణ హైకోర్టు మాట తెలంగాణలోని కోర్టులన్నిటికీ శిరోధార్యం. 2019 జనవరి 1 నుంచి ఆంధ్రప్రదేశ్‌కు వేరే హైకోర్టు ఉంది కాబట్టి కర్నూల్లోనో గుంటూర్లోనో కేసు వేసేవాళ్లు ఈ తీర్పును చూపించుకోవచ్చు గానీ, అక్కడి జడ్జి దానికి కట్టుబడక్కర్లేదు.

ఖులా ఒక్కటే దారి అనుకోనక్కర్లేదు. ఇద్దరికీ విడిపోవాలనే ఉంటే ముబారాత్ ఉంది. ఒప్పందం రాసుకుని, ఫ్యామిలీ కోర్టులో డిక్లరేషన్ తీసుకుంటే సరిపోతుంది. భర్త తప్పు రుజువు చేయగలిగితే, మెహర్ వదులుకోవడం ఇష్టం లేకపోతే, 1939 నాటి ముస్లిం వివాహాల రద్దు చట్టం ఉంది. దీని పుట్టుక కథ వినదగ్గది. ఆ రోజుల్లో పంజాబులో భర్త వదిలేసిన ముస్లిం స్త్రీలు కొందరు ఆ పెళ్లి నుంచి బయటపడటానికి వేరే దారి లేక మతమే మార్చుకున్నారు. మతం మారితే పెళ్లి రద్దయినట్టేనని కోర్టులు ఒప్పుకునేవి. ఇది చూసి కలత చెందిన దేవ్‌బందీ పండితుడు మౌలానా అష్రఫ్ అలీ థాన్వీ, హనఫీ పద్ధతిలో దొరకని వెసులుబాటును మాలికీ పద్ధతి నుంచి తెచ్చుకోవచ్చంటూ 1931లో ఒక గ్రంథం రాశారు. ఆ ఆలోచనే చివరికి చట్టమైంది. ఆడవాళ్ల బాధ చూసి మత పండితులే దారి వెతికిన సందర్భం అది. ఈ చట్టం గురించి మాట్లాడేటప్పుడు ఆ సంగతి మరవకూడదు.

ఆ చట్టం కింద భార్య కోర్టుకు వెళ్లగలిగిన కారణాలు చాలా ఉన్నాయి. నాలుగేళ్లుగా భర్త జాడ లేకపోవడం, రెండేళ్లు పోషించకపోవడం, ఏడేళ్లు అంతకుమించి జైలుశిక్ష పడటం, మూడేళ్లు కారణం లేకుండా కాపురం చేయకపోవడం, క్రూరత్వం... క్రూరత్వం అంటే కొట్టడం ఒక్కటే కాదు. ఆమె ఆస్తి అమ్మేయడం, నమాజుకు అడ్డుపడటం, ఇద్దరు భార్యలుంటే సమంగా చూడకపోవడం కూడా అందులో ఉన్నాయి. గల్ఫ్‌కు పోయి రెండేళ్లుగా రూపాయి పంపని భర్తల భార్యలు పాతబస్తీలోనూ ఉన్నారు, నిజామాబాద్, కరీంనగర్ పల్లెల్లోనూ ఉన్నారు. ఆ ఒక్క కారణమే వాళ్లకు చాలు. పెళ్లి స్పెషల్ మ్యారేజ్ చట్టం కింద జరిగి ఉంటే మాత్రం ఈ దారులేవీ పనికిరావు. ఆ చట్టం ప్రకారమే విడాకుల పిటిషన్ వేయాలి.

దారి ఏదైనా, నడక కాగితాల దగ్గరే మొదలవుతుంది.

ముషీరాబాద్ ఇంట్లో ఆ తల్లి బీరువా తెరిచి ప్లాస్టిక్ కవరులోంచి నిఖానామా తీసిందనుకుందాం. హైదరాబాద్ పాత కుటుంబాల్లో దీన్ని సియాహనామా అంటారు. ఉర్దూలో నింపిన కాగితం. పెళ్లికొడుకు పేరు, పెళ్లికూతురు పేరు, తండ్రుల పేర్లు, వధువు తరఫు వకీలు, ఇద్దరు సాక్షులు, ఖాజీ ముద్ర. మధ్యలో మెహర్ గడి. అంకె అందరికీ గుర్తుంటుంది. అంకె పక్కన ఉన్న మాట ఎవరికీ గుర్తుండదు.

ఆ మాట రెండు రకాలుగా ఉండొచ్చు. రెండూ చెవికి ముఅజ్జల్ అనే వినిపిస్తాయి. ఉర్దూలో ఒకదాన్ని 'ఐన్' అక్షరంతో రాస్తారు, రెండోదాన్ని 'వావ్' మీద హమ్జాతో. ఐన్‌తో ఉంటే భార్య అడిగిన క్షణంలో చెల్లించాల్సిన మెహర్. వావ్‌తో ఉంటే పెళ్లి ముగిసినప్పుడు, అంటే భర్త చనిపోతేనో విడాకులైతేనో చెల్లించాల్సిన మెహర్. చదువుకున్న కూతురికి ఇంగ్లీషు వస్తుంది, తెలుగు వస్తుంది, ఉర్దూ లిపి రాకపోవచ్చు. వచ్చినా చేతిరాతలో ఆ ఒక్క అక్షరం పట్టుకోవడం కష్టం. కాబట్టి ఆ గడిని ఉర్దూ బాగా తెలిసినవాళ్లతో చదివించి, అనువాదం రాయించి దగ్గర పెట్టుకోవాలి. మెహర్ బాకీ కోసం దావా వేయడానికి గడువు మూడేళ్లే. ఆ గడువు ఎప్పుడు మొదలవుతుందో కూడా ఆ మాటే తేలుస్తుంది.

హైదరాబాద్ నిఖానామాల్లో ఇంకో ప్రత్యేకత ఉంది. రూపాయలతోపాటు దీనార్-ఎ-సుర్ఖ్, అంటే ఎర్ర దీనార్లు, ఇన్ని అని రాయడం. చాలామంది దాన్ని ఆచారం కోసం రాసిన మాటనుకుని వదిలేస్తారు. షరియత్ లెక్కలో దీనార్ అంటే దాదాపు నాలుగుంపావు గ్రాముల బంగారం. పెళ్లినాడు రాసిన పదకొండు వేల విలువ ఇవాళ కరిగిపోయి ఉండొచ్చు. పక్కనున్న రెండు దీనార్లకు మాత్రం బంగారం ధర పెరిగినకొద్దీ విలువ పెరుగుతూనే ఉంది. భర్త ఖులాలో "మెహర్ వదిలెయ్" అన్నప్పుడు, వదిలేది ఎంతో ఆమెకు తెలిసుండాలి.

నిఖానామా అత్తింట్లో ఉండిపోతే భయపడక్కర్లేదు. నిఖా చదివించిన ఖాజీ దగ్గర రికార్డు ఉంటుంది. నాంపల్లి హజ్‌హౌస్‌లోని వక్ఫ్ బోర్డులో ఖజాత్ విభాగం ఉంది. వీసా పనులకని మ్యారేజ్ సర్టిఫికెట్ కోసం జనం తిరిగేది అక్కడికే. పెళ్లి ఏ ఖాజీ పరిధిలో, ఏ తేదీన జరిగిందో తెలిస్తే నకలు అడగొచ్చు.

తర్వాతి కాగితం జహేజ్ జాబితా. పుట్టింటివాళ్లు పెట్టిన బంగారం, మంచం, ఫ్రిజ్, స్కూటర్, జోడే కీ రఖమ్ పేరుతో వరుడి చేతిలో పెట్టిన నగదు. 1986 నాటి ముస్లిం మహిళల చట్టం మూడో సెక్షన్ ప్రకారం పెళ్లికి ముందుగానీ, పెళ్లిలోగానీ, తర్వాతగానీ ఆమెకు వచ్చిన వస్తువులన్నీ విడాకుల తర్వాత ఆమెవే. పశ్చిమబెంగాల్ కేసు ఒకటి 2025 డిసెంబరులో సుప్రీంకోర్టులో తేలింది. పెళ్లిలో తండ్రి ఇచ్చిన ఏడు లక్షల రూపాయలు, బంగారం తనకు తిరిగి రావాలని విడాకులైన ఆమె పోరాడింది. వాదమంతా ఖాజీ రిజిస్టర్‌లో ఏం రాశారన్న దాని మీదే నడిచింది. కోర్టు ఆమె వైపే నిలబడింది. ఎప్పుడో పెళ్లినాడు రాసిన ఒక పంక్తి ఇన్నేళ్ల తర్వాత అక్కరకొచ్చింది. నగల బిల్లులు, పెళ్లి ఫొటోలు, బ్యాంకు నుంచి డబ్బు తీసిన ఎంట్రీలు, ఆల్బమ్‌లో హారం వేసుకున్న బొమ్మ, ఏదీ పారేయకూడదనేది ఇందుకే.

హింస ఉంటే దానికి వేరే కవరు. ముషీరాబాద్‌లోని గాంధీ ఆస్పత్రిలోనో ఇంకెక్కడో చూపించుకుని ఉంటే ఓపీ చీటీ, ఎంఎల్‌సీ (మెడికో లీగల్ కేసు) నంబరు. స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చి ఉంటే దాని రసీదు. వాట్సాప్ బెదిరింపులు ఉంటే స్క్రీన్‌షాట్ ఒక్కటే సరిపోదు. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జతచేయాలి. అసలు మెసేజ్ ఉన్న ఫోన్‌ను అమ్మేయడం, ఫార్మాట్ చేయడం ప్రమాదం. అలాగని భర్త ఫోన్ పాస్‌వర్డ్ దొంగిలించి వెతకొద్దు. అది వేరే కేసు తెచ్చిపెడుతుంది.

అన్నిటికంటే చవకైన కాగితం ఒక లాంగ్ నోట్‌బుక్. పెళ్లి తేదీ, మొదటిసారి కొట్టిన తేదీ, పెద్దమనుషులు కూర్చున్న తేదీలు, ఎవరెవరు కూర్చున్నారు, ఏమన్నారు. ఫ్యామిలీ కోర్టు చట్టం ప్రకారం అక్కడ లాయర్ ద్వారా వాదించుకోవడం హక్కు కాదు, కోర్టు అనుమతిస్తేనే. జడ్జి, కౌన్సెలర్ నేరుగా ఆమెనే అడుగుతారు. ఆ కుర్చీలో కూర్చున్నప్పుడు గొంతు పూడుకుపోయిన మనిషికి తేదీలు గుర్తురావు. నోట్‌బుక్ ఉంటే చూసి చెప్పొచ్చు. రాజీ ప్రయత్నం జరిగిందా అన్న ప్రశ్నకు కూడా జవాబు అందులోనే ఉంటుంది.

ఇక డబ్బు. ఈ విషయంలో తెలుగు నేల చరిత్రే ఒక పాఠం. 1985లో షాబానో కేసులో సుప్రీంకోర్టు విడాకులైన ముస్లిం స్త్రీకి మనోవర్తి హక్కు ఉందంది. మరుసటి ఏడాదే పార్లమెంటు 1986 చట్టం తెచ్చింది. దాన్ని చదివిన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఫుల్ బెంచ్ 1990లో, భర్త బాధ్యత ఇద్దత్ కాలం వరకే అని తీర్పిచ్చింది. ఇద్దత్ అంటే మామూలుగా మూడు ఋతుచక్రాలు, గర్భవతి అయితే ప్రసవం దాకా. ఆ తర్వాత ఆమె ఎట్లా బతకాలి? 2001లో డానియల్ లతీఫీ కేసులో సుప్రీంకోర్టు ఆ చట్టాన్నే వేరే విధంగా చదివింది. చెల్లించాల్సిన గడువు ఇద్దత్ అయినా, ఇవ్వాల్సింది మాత్రం ఆమె ముందు జీవితానికంతా సరిపడా 'న్యాయమైన, సహేతుకమైన ఏర్పాటు' అంది. 1990 నాటి మాట అలా చెల్లకుండా పోయింది.

2024 జులై 10న మరో మెట్టు. ఈసారి కేసు తెలంగాణ నుంచే వెళ్లింది. మాజీ భార్యకు నెలకు 20 వేలు ఇవ్వమని ఫ్యామిలీ కోర్టు చెబితే, హైకోర్టు దాన్ని 10 వేలకు తగ్గించింది. అసలు ముస్లిం స్త్రీ మనోవర్తిని సీఆర్‌పీసీ 125వ సెక్షన్ కింద అడగడానికే వీల్లేదని, 1986 చట్టమే ఆమెకు దిక్కని భర్త సుప్రీంకోర్టుకు వెళ్లాడు. జస్టిస్ బి.వి. నాగరత్న, జస్టిస్ అగస్టీన్ జార్జ్ మసీహ్ అతని అప్పీలును కొట్టేశారు. ఏ దారిలో అడగాలో ఎంచుకునేది ఆమె. ఇంటి పని చేసే భార్యకు సొంత ఆదాయం ఉండదని, జాయింట్ ఖాతా, ఏటీఎం కార్డు ఇచ్చి భర్తలు ఆదుకోవాలని జస్టిస్ నాగరత్న తన తీర్పులో ప్రత్యేకంగా రాశారు. ఇప్పుడు ఆ 125వ సెక్షన్ భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 144వ సెక్షన్ అయింది. పిటిషన్ ఆమె ఉంటున్న చోటే వేసుకోవచ్చు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ఖులా తీసుకున్నాక భర్త నుంచి 125వ సెక్షన్ మనోవర్తి రాదని 2023లో కేరళ హైకోర్టు అంది. ఆమే వద్దనుకుని వచ్చింది కాబట్టి అన్నది అక్కడి వాదన. అందుకని ఖులాకు ముందే లెక్క వేసుకోవాలి. ఉద్యోగం ఉండి, త్వరగా బయటపడటమే ముఖ్యమైన వాళ్లకు ఖులా సులువు. ఆదాయం లేక, భర్త తప్పు స్పష్టంగా ఉన్నవాళ్లకు 1939 చట్టం దారి ఆలస్యమైనా మేలు కావచ్చు. ఇది లాయర్‌తో కూర్చుని తేల్చుకోవాల్సిన విషయం. తొందరలో చేసే పని కాదు. పిల్లల ఖర్చు మాత్రం ఏ ఒప్పందంలోనూ వదులుకోకూడదు. అది తల్లి హక్కు కాదు, బిడ్డ హక్కు. బేరంలో పెట్టే అధికారం ఆమెకూ లేదు.

మనోవర్తి కేసుల్లో 2020 నవంబరు నుంచి ఒక పద్ధతి వచ్చింది. సుప్రీంకోర్టు ఆదేశం ప్రకారం భార్యాభర్తలిద్దరూ ఆస్తులు, అప్పులు, ఆదాయం, ఖర్చులు అన్నీ వివరిస్తూ అఫిడవిట్ వేయాలి. జీతం దాచినవాళ్లు అక్కడ దొరికిపోతారు. మనోవర్తి కూడా పిటిషన్ వేసిన తేదీ నుంచే లెక్కకొస్తుంది. కాబట్టి ఇంట్లో ఉన్నప్పుడే కంటపడిన పే స్లిప్, అద్దె ఒప్పందం, బ్యాంకు పేరు, బ్రాంచి పేరు నోట్‌బుక్‌లో రాసిపెట్టుకోవాలి. ఆమె ఖర్చులూ అంతే. గది అద్దె, బస్ పాస్, బిడ్డ స్కూలు ఫీజు, మందులు. రసీదు ఉన్న వంద రూపాయలను నమ్మినంతగా రసీదు లేని వెయ్యిని కోర్టు నమ్మదు.

పిల్లల విషయంలో హనఫీ పద్ధతి ప్రకారం మగపిల్లవాడు ఏడేళ్లు వచ్చేదాకా, ఆడపిల్ల యుక్తవయసు వచ్చేదాకా తల్లి దగ్గరే. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద కోర్టు చూసేది మాత్రం బిడ్డ క్షేమం. ఏడేళ్లు నిండగానే తండ్రి వచ్చి చెయ్యి పట్టుకుని తీసుకుపోతాడన్న భయంతో కాపురాల్లో నలిగిపోయేవాళ్లు ఉన్నారు. కోర్టు అలా యాంత్రికంగా బిడ్డను అప్పగించదు.

విడాకులకు ముందు కాలమే చాలామందికి ప్రమాదకరం. వెళ్లిపోతానని చెప్పిన రోజునే దెబ్బలు ఎక్కువవుతాయి. 2005 గృహహింస చట్టం ఏ మతం వాళ్లకైనా వర్తిస్తుంది. ఇంట్లోంచి గెంటేయకుండా నివాస ఉత్తర్వు, దగ్గరికి రాకుండా రక్షణ ఉత్తర్వు, ఖర్చులకు డబ్బు, అన్నీ ఒకే పిటిషన్‌లో అడగొచ్చు. విడాకులు అడగకుండానే ఇది వేయొచ్చు. హైదరాబాద్ హాకా భవన్‌లో 2016లో మొదలైన భరోసా కేంద్రంలో పోలీసు, కౌన్సెలర్, న్యాయసాయం ఒకే కప్పు కింద దొరుకుతాయి. పాతబస్తీలో కవయిత్రి జమీలా నిషాత్ నడిపే షాహీన్ సంస్థ ఇలాంటి ఇళ్లలోని ఆడవాళ్లతో ఏళ్లుగా పనిచేస్తోంది.

లాయర్‌కు డబ్బులేవి? అనేది తర్వాతి భయం. 1987 న్యాయసేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం మహిళలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసాయం అందాలి. లక్ష రూపాయల జీతం ఉన్నా సరే, అడగొచ్చు. పురానీ హవేలీలోని సిటీ సివిల్ కోర్టు ప్రాంగణంలో న్యాయసేవా సదన్ ఉంది. ఫ్యామిలీ కోర్టు ఉన్నది కూడా పురానీ హవేలీలోనే. ఫోన్ చేయాలంటే 15100. నిజాముల పాత భవనాల మధ్య ఆ ప్రాంగణంలోకి మొదటిసారి అడుగుపెట్టే ఆడవాళ్లు ఎవరో ఒకరిని తోడు తెచ్చుకుంటారు. తోడు ఉండటం మంచిదే. కానీ కౌన్సెలర్ ముందు మాట్లాడాల్సింది ఆమె, అన్న కాదు.

సంతకాల గురించి ఒక్క మాట. తగాదా నడుస్తుండగా ఖాళీ స్టాంపు కాగితం మీద సంతకం చేయమని ఎవరడిగినా చేయొద్దు. "పెద్దమనుషుల దగ్గర రాజీ కోసం" అని చెప్పి తీసుకున్న కాగితమే తర్వాత 'నా ఇష్టంతో అన్నీ వదులుకున్నాను' అనే ఒప్పందంగా మారొచ్చు. చదవనిది, చదివినా నకలు ఇవ్వనిది, ఏదీ సంతకానికి తగిన కాగితం కాదు.

విడిపోవాలనుకునే మగవాళ్లకూ ఇందులో పనుంది. 2017 ఆగస్టు 22న సుప్రీంకోర్టు ఒకే దమ్ములో చెప్పే మూడు తలాక్‌లను కొట్టేసింది. అదే ఏడాది, పోస్టుకార్డు మీద తలాక్ రాసి పంపిన ఒకతన్ని హైదరాబాద్ పోలీసులు అరెస్టు చేశారు. 2019 చట్టంతో ఇలా ఒకేసారి మూడు తలాక్‌లు చెప్పడం మూడేళ్ల దాకా జైలుశిక్ష పడే నేరమైంది. నోటితో అన్నా, స్టాంపు కాగితం మీద రాసినా, వాట్సాప్‌లో పంపినా ఒకటే. భార్యగానీ, ఆమె రక్తసంబంధీకులు, వివాహ సంబంధీకులుగానీ ఫిర్యాదు చేయొచ్చు. ఆమె వాదన విన్నాకే బెయిల్. పైగా అలా చెప్పినంత మాత్రాన పెళ్లి తెగదు. తలాక్ వచ్చేసిందనుకుని ఇల్లు వదిలేసిన స్త్రీ చట్టం కళ్లలో ఇంకా భార్యే. ఈ సంగతి తెలియక మనోవర్తి అడగనివాళ్లు ఉన్నారు.

చెల్లే తలాక్‌కు 2002లో షమీమ్ అరా కేసులో సుప్రీంకోర్టు షరతు పెట్టింది. సరైన కారణం ఉండాలి. ముందు రెండువైపుల నుంచి ఒక్కో పెద్దమనిషి కూర్చుని కలపడానికి ప్రయత్నించాలి. ఖురాన్ నాలుగో సూరా 35వ ఆయత్‌లో ఉన్న పద్ధతే ఇది. ఆ రెండూ జరిగినట్టు భర్త రుజువు చేయాలి. కోర్టులో వేసిన కౌంటర్‌లో 'నేను ఎప్పుడో తలాక్ ఇచ్చేశాను' అని ఒక వాక్యం రాస్తే తలాక్ అయిపోదు. అహసన్ పద్ధతిలో ఒక్కసారి చెప్పి ఇద్దత్ గడిచేదాకా ఆగితే, ఆ మూడు నెలల్లో మనసు మారితే వెనక్కి తీసుకునే వీలుంటుంది. మెహర్, ఇద్దత్ ఖర్చు, ఆమె వస్తువులు లెక్క చూసి ఇచ్చేసి రసీదు తీసుకున్న మగవాడు తర్వాత కోర్టుల చుట్టూ తిరిగే అవసరం చాలామటుకు తగ్గుతుంది.

విడాకులకు సిద్ధపడటం పెళ్లినాడే మొదలుపెట్టే పద్ధతి ఒకటి ఇస్లామీయ న్యాయంలోనే ఉంది. దాని పేరు తలాక్-ఎ-తఫ్వీజ్. ఫలానా షరతు తప్పితే, అంటే కొడితే, పోషించకపోతే, నా అంగీకారం లేకుండా మరో పెళ్లి చేసుకుంటే, తలాక్ చెప్పుకునే అధికారం భార్యకే ఇస్తున్నానని నిఖా సమయంలో భర్త రాసివ్వడం. పాకిస్తాన్‌లోనూ బంగ్లాదేశ్‌లోనూ 1961 ఆర్డినెన్స్ నాటి నుంచి నిఖానామా నమూనాలో 18వ గడి దీనికోసమే ఉంది. భార్యకు తలాక్ అధికారం ఇచ్చారా, ఇస్తే ఏ షరతుల మీద అని ఆ గడి అడుగుతుంది. పాకిస్తాన్‌లో పెళ్లికూతురు చూడకముందే ఆ గడిని అడ్డంగా కొట్టేసే పెద్దవాళ్లు ఎక్కువని అక్కడి మహిళా సంఘాలు మొత్తుకుంటుంటాయి.

మన దేశంలో అందరికీ ఒకే నమూనా లేదు. అలాగని రాసుకోకూడదన్న నిషేధమూ లేదు. షరతులు సహేతుకంగా ఉంటే కోర్టులు ఒప్పుకుంటూనే వచ్చాయి. ముషీరాబాద్ తల్లికి ఇంకో కూతురు ఉందనుకుందాం. ఆ అమ్మాయి నిఖానాడు మెహర్ అంకెను నలుగురిలో గట్టిగా చదివి ఖాయం చేసేటప్పుడే, పక్కన ముఅజ్జల్ అన్న మాట ఏ అక్షరంతో రాశారో ఖాజీసాబ్‌ను అడిగి చూడొచ్చు. తఫ్వీజ్ షరతులను వేరే కాగితం మీద ఉర్దూలోనూ తెలుగులోనూ రాయించి, పెళ్లికొడుకు చేత, ఇద్దరు సాక్షుల చేత అక్కడే సంతకాలు పెట్టించుకుని, ఒక నకలు తన బీరువాలో దాచుకోవచ్చు.